ఉపగ్రహానికి రోడ్లు తెలియవు

హైదరాబాద్‌లో దుర్గం చెరువు మీది తీగల వంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైంది. జూబ్లీహిల్స్ వైపు నుంచి మాదాపూర్, గచ్చిబౌలి వెళ్లేవాళ్లకు దగ్గరి దారి దొరికింది. అంతకు ముందు తయారైన మ్యాపు ఉన్న కారుతో ఆ వంతెన ఎక్కితే డ్యాష్‌బోర్డు తెర మీద వింత కనిపిస్తుంది. కారు గుర్తు రోడ్డు వదిలి నీలి రంగులోకి దిగుతుంది. చెరువు నడిమధ్యన, కింద గీత కూడా లేకుండా ముందుకు సాగుతుంది. వీలైన చోట వెనక్కి తిరగమని స్పీకరులోని గొంతు చెబుతుంది. వంతెన దిగి పాత రోడ్డు తగలగానే అంతా సర్దుకుంటుంది.

ఇలాంటప్పుడు చాలామంది నోట వచ్చే మాట, “జీపీఎస్ తప్పు చూపిస్తోంది” అని. నిజానికి జీపీఎస్ తన పని తాను సరిగ్గానే చేసింది. కారు చెరువు మీదే ఉంది, తెర మీదా అక్కడే కనిపించింది. తప్పు మ్యాపుది. ఆ మ్యాపు తయారైన రోజున అక్కడ వంతెన లేదు.

కారు కంపెనీ బిగించి ఇచ్చిన నావిగేషన్‌ను అప్‌డేట్ చేయించుకోమని సర్వీసు సెంటర్లో అడిగినప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. ఉపగ్రహాలకూ ఆ అప్‌డేట్‌కూ సంబంధం లేదు. మారేది కారు లోపల ఉన్న మ్యాపు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. ఈ రెండూ మనుషులు తయారుచేసినవి. కాబట్టే పాతబడతాయి.

ఆకాశం నుంచి వచ్చేది ఇంతే

అమెరికా నిర్వహించే జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకు రెండు చుట్లు తిరుగుతుంటాయి. వ్యవస్థ పూర్తిగా పనిచేయాలంటే 24 ఉండాలి. ఇప్పుడు 30కి పైగా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో అణు గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహమూ ఎడతెగకుండా ప్రసారం చేసే సందేశంలో ముఖ్యమైనవి రెండు సంగతులు: ఇప్పుడు సమయం ఎంత, తాను ఎక్కడ ఉంది. ఆ సంకేతం నేలకు చేరడానికి సుమారు 0.07 సెకను పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో కారులోని రిసీవరు లెక్కగడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే కారు ఎక్కడుందో తేలుతుంది. మూడు సరిపోవా అంటే, కారులో అణు గడియారం ఉండదు. చవకైన క్వార్ట్జ్ గడియారమే ఉంటుంది. దాని పొరపాటును లెక్కలోంచి తీసేయడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

ఈ లెక్కలో సమయమే ప్రాణం. సెకనులో పది లక్షల్లో ఒక వంతు (ఒక మైక్రోసెకను) తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం గురుత్వం తక్కువగా ఉన్న ఎత్తులో గడియారం వేగంగా నడుస్తుంది, వేగంగా కదిలే గడియారం నెమ్మదిస్తుంది. జీపీఎస్ ఉపగ్రహంలో మొదటి ప్రభావం రోజుకు 45 మైక్రోసెకన్లు కలుపుతుంది, రెండోది 7 మైక్రోసెకన్లు తీసేస్తుంది. మిగిలే 38 మైక్రోసెకన్లను సవరించకుండా వదిలేస్తే దూరాల లెక్క ఒక్క రోజులోనే 11 కిలోమీటర్ల దాకా తప్పుతుంది.

ఇంత సూక్ష్మమైన ఏర్పాటులో ఎక్కడా రోడ్డు అన్న మాట లేదు. కారు కూడా ఉపగ్రహానికి ఏమీ పంపదు, రేడియోలాగా వినడమే దాని పని. జీపీఎస్ నావిగేషన్ సందేశం సెకనుకు 50 బిట్ల వేగంతో వస్తుంది. అన్ని ఉపగ్రహాల స్థూల వివరాలున్న పూర్తి సందేశం అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ వేగంతో ఒక గిగాబైటు మ్యాపు పంపాలంటే ఐదేళ్లు దాటుతుంది.

మన దేశపు ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ విషయమూ అంతే. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఇస్రో 2013 జులై 1న తొలి ఉపగ్రహాన్ని పంపింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది వెళ్లినప్పుడు ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. ఇలాంటి ఉపగ్రహాలు పెరిగేకొద్దీ ఎత్తయిన భవనాల మధ్య కూడా స్థానం బాగా తెలుస్తుంది. కానీ పదేళ్ల నాటి మ్యాపులో లేని బైపాస్‌ను ఏ ఉపగ్రహమూ గీసి చూపించలేదు.

కారు తనకు తాను వేసుకునే లెక్క

కారు నావిగేషన్ చరిత్ర జీపీఎస్‌తో మొదలు కాలేదు. 1981లో జపాన్‌లో హోండా కంపెనీ ఎలక్ట్రో గైరోకేటర్ అనే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. లోపల హీలియం వాయువుతో పనిచేసే గైరోస్కోపు కారు ఎటు తిరిగిందో పసిగట్టేది. చక్రాల లెక్కతో ఎంత దూరం కదిలిందో తెలిసేది. మ్యాపును పారదర్శకమైన షీటు మీద అచ్చువేసి చిన్న తెర ముందు అమర్చేవారు. కారు ఆ షీటు అంచు దాటితే డ్రైవరు చేత్తో ఇంకో షీటు మార్చుకోవాలి. అప్పట్లో మ్యాపు మార్చడమంటే అక్షరాలా మార్చడమే.

1985లో అమెరికాలోని ఎటాక్ కంపెనీ మ్యాపును డిజిటల్ రూపంలోకి మార్చి క్యాసెట్లలో ఇచ్చింది. సముద్రపు పడవ పందేల్లో దిక్కులు లెక్కగట్టిన స్టాన్ హనీ దాని స్థాపకుడు. దిక్సూచి, చక్రాల సెన్సర్లు ఇచ్చిన లెక్కలో కొద్దికొద్దిగా తప్పులు పేరుకుంటాయి. ఎటాక్ ఆ తప్పును మ్యాపుతోనే దిద్దింది. కారు ఎడమకు తిరిగిందంటే అక్కడ ఎడమకు తిరిగే రోడ్డు ఉండి తీరాలి. మ్యాపులో దగ్గరున్న అలాంటి మలుపు మీదికి కారు గుర్తును జరిపేస్తే సరిపోతుంది. ఈ పద్ధతి పేరు మ్యాప్ మ్యాచింగ్. నాలుగు దశాబ్దాలు గడిచినా కారు నావిగేషన్‌లో ఇది పనిచేస్తూనే ఉంది.

ఆ తర్వాత అడుగులు చకచకా పడ్డాయి. 1987లో టయోటా క్రౌన్ కారులోకి సీడీ మ్యాపు వచ్చింది. 1990లో మాజ్దా యూనోస్ కాస్మోలో జీపీఎస్ వచ్చింది. 1994లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఐరోపా కార్లలోకీ నావిగేషన్ ప్రవేశించింది. అప్పటికి అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలనే లోపం కలిపేది. సుమారు 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే నెలలో దాన్ని తీసేశాక కారు నావిగేషన్ అందరికీ పనికొచ్చే సాధనమైంది.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద మ్యాప్ మ్యాచింగ్‌కు గట్టి పరీక్ష ఎదురవుతుంది. పైన ఒక రోడ్డు, సరిగ్గా దాని కిందే ఇంకో రోడ్డు. అక్షాంశ రేఖాంశాలు రెండింటికీ ఒక్కటే. ఎత్తును కొలవడంలో జీపీఎస్ ఎప్పుడూ కాస్త బలహీనం. అందుకే కొన్ని కార్లు ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేచిన వాలును సెన్సర్లతో గమనించి, పై రోడ్డెక్కిందని తేల్చుకుంటాయి. చక్రాల సెన్సర్లతో, గైరోతో నేరుగా ముడిపడి ఉండటం కారు సొంత నావిగేషన్‌కు ఉన్న బలం. సొరంగంలో ఆకాశం కనబడకపోయినా అది లెక్క సాగిస్తుంది. నల్లమల అడవిలో శ్రీశైలం దారిన ఫోనుకు సిగ్నల్ లేకపోయినా దాని మ్యాపు దాని దగ్గరే ఉంటుంది.

కానీ ఈ లెక్కంతా మ్యాపును నమ్మే వేస్తారు. మ్యాపులో రోడ్డే లేకపోతే కారు గుర్తును జరపడానికి చోటు దొరకదు. పాత మ్యాపు నిరుటి పంచాంగం లాంటిది. అందులో వేసిన లెక్క ఆ ఏటికి సరైనదే, ఈ ఏటికి పనికిరాదు.

గీతల వెనక ఉన్న పట్టిక

తెర మీద కనిపించేది బొమ్మ. లోపల ఉన్నది పెద్ద పట్టిక. ప్రతి కూడలికీ ఒక నంబరు, రెండు కూడళ్ల మధ్య ప్రతి రోడ్డు ముక్కకూ ఒక వరుస. పొడవు ఎంత, ఏ తరగతి రోడ్డు, వన్‌వేనా, వేగ పరిమితి ఎంత, ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి కుడికి తిరగనిస్తారా, లారీలను రానిస్తారా అన్నవన్నీ ఆ వరుసలో ఉంటాయి. దారి వెతకడమంటే ఈ ముక్కలను కలుపుకుంటూ తక్కువ సమయం పట్టే గొలుసును పట్టుకోవడం. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ లెక్క పద్ధతిని 1956లో ఆమ్‌స్టర్‌డాంలో ఒక కాఫీ దుకాణంలో కూర్చుని దాదాపు ఇరవై నిమిషాల్లో ఊహించాడు. 1959లో ప్రచురించాడు. ఆర్మాక్ అనే కంప్యూటరు మీద నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్లతో దాన్ని ప్రదర్శించారు. ఇప్పటి నావిగేషన్ పద్ధతుల్లో చాలా భాగం దానికి వారసులే.

పట్టికలో ఒక్క గడి తప్పితే దారంతా తప్పుతుంది. ఒక కూడలి మూసేసి, కాస్త ముందుకు యూటర్న్ పెట్టడం హైదరాబాద్ వాహనదారులకు బాగా అలవాటైన మార్పు. రోడ్డు పొడవు మారలేదు, వెడల్పు మారలేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో తేడా కనిపించడం కష్టం. అయినా పట్టికలో ఆ మలుపుకు అనుమతి తీసేయాలి, ఇంకో చోట చేర్చాలి. ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి చూస్తేనే, లేదా ఆ దారిన వెళ్లిన వందలాది వాహనాల కదలికలను పరిశీలిస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

పేర్లూ నంబర్లూ కూడా మారతాయి. జాతీయ రహదారులకు 2010లో కొత్త నంబర్లు ఇచ్చారు. హైదరాబాద్–విజయవాడ దారి 9 నుంచి 65 అయింది. చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా వెళ్లే 5వ నంబరు రహదారి 16లో కలిసింది. హైదరాబాద్ మీదుగా బెంగళూరు వైపు వెళ్లే 7వ నంబరు 44లో కలిసింది. 2014 జూన్ 2కు ముందు తయారైన మ్యాపులో వరంగల్ చిరునామా కావాలంటే రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఎంచుకోవాలి. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2019లో 33కు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. జిల్లా పేరుతో వెతికే పద్ధతి ఉన్న నావిగేషన్‌లో ఈ మార్పులు అందకపోతే ఉన్న ఊరే దొరకదు.

దేశంలో అన్ని రకాల రోడ్లూ కలిపితే 63 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. వీటిని పట్టికకెక్కించి, ఎప్పటికప్పుడు దిద్దడం ఎంత ఖర్చుతో కూడిన పనో ఈ రంగంలోని అమ్మకాలే చెబుతాయి. అమెరికాలో 1985లో మొదలైన నావ్‌టెక్ మ్యాపుల కంపెనీని నోకియా 2008లో 810 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడు నెదర్లాండ్స్‌కు చెందిన టెలి అట్లాస్‌ను టామ్‌టామ్ 290 కోట్ల యూరోలకు కొంది. నోకియా మ్యాపుల విభాగం హియర్ పేరుతో నడుస్తుండగా, 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కలిసి 280 కోట్ల యూరోలకు తీసుకున్నాయి. రోజూ మార్కెట్లో పోటీపడే మూడు కంపెనీలు మ్యాపు కోసం ఒక్కటయ్యాయి. మన దేశంలో రాకేశ్ వర్మ, రశ్మి వర్మ దంపతులు 1995లో ప్రారంభించిన మ్యాప్‌మైఇండియా చాలా కార్ల కంపెనీలకు మ్యాపులు ఇస్తోంది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మ్యాపుల తయారీ నిబంధనలు సడలించాక దేశీయ సంస్థలకు ఈ పని సులువైంది.

సర్వీసు సెంటర్లో

అప్‌డేట్ కోసం కారు లోపలికి వచ్చాక సర్వీసు అడ్వైజరు చేసే మొదటి పని జాబ్ కార్డులో చాసిస్ నంబరు రాసుకోవడం. తర్వాత తెర మీద సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు అంకెలు చూస్తారు. ఒకటి మ్యాపు వెర్షన్, రెండోది సాఫ్ట్‌వేర్ వెర్షన్. ఈ రెండూ వేరు. మ్యాపు అంటే రోడ్ల పట్టిక. సాఫ్ట్‌వేర్ అంటే ఆ పట్టికను చదివి దారి వెతికే యంత్రాంగం. కొత్త మ్యాపును పాత సాఫ్ట్‌వేర్ చదవలేకపోతే ముందు సాఫ్ట్‌వేర్ మార్చాలి.

తర్వాత బానెట్ ఎత్తి బ్యాటరీకి చార్జరు తగిలిస్తారు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచితే కారులోని కంప్యూటర్లన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. ఆ స్థితిలో గంటసేపు ఉంచితే 12 వోల్టుల బ్యాటరీ దిగిపోవచ్చు. సాఫ్ట్‌వేర్ సగం రాసిన దశలో కరెంటు తగ్గితే మెమరీలో పాతదీ మిగలదు, కొత్తదీ పూర్తి కాదు. పరికరం మళ్లీ లేవకపోయే ప్రమాదం ఉంది. అప్‌డేట్ నడుస్తుండగా పెన్ డ్రైవ్ లాగేయవద్దని తెర మీద హెచ్చరిక పెట్టేది కూడా అందుకే.

పెన్ డ్రైవ్ పెట్టగానే ఫైళ్లు కాపీ అవడం మొదలుకాదు. ముందు తనిఖీ జరుగుతుంది. ఆ ఫైళ్లను కంపెనీయే తయారుచేసిందా అని డిజిటల్ సంతకాన్ని పరికరం సరిచూసుకుంటుంది. ఈ కారుకు, ఈ ప్రాంతానికి, ఈ వెర్షన్‌కు అనుమతి ఉందా అని యాక్టివేషన్ కోడ్‌ను చూస్తుంది. కొన్ని మోడళ్లలో కోడ్ చాసిస్ నంబరుతో ముడిపడి ఉంటుంది. ఇంకొన్నిటిలో ఎస్‌డీ కార్డు ఒక్క కారుకే పరిమితం, అది పక్క కారులో పనిచేయదు. తనిఖీ గట్టెక్కాక శాతాల గీత మెల్లగా కదులుతుంది. ఒకటి రెండుసార్లు తెర నల్లబడి, పరికరం మళ్లీ మొదలవుతుంది. మ్యాపు పరిమాణాన్ని బట్టి అరగంట నుంచి రెండు మూడు గంటలు పట్టవచ్చు. చివరికి కారును రేకుల షెడ్డు కిందనుంచి బయటికి తెచ్చి, ఆకాశం కనిపించే చోట ఆపి, స్థానం సరిగా చూపిస్తోందో లేదో చూస్తారు.

ఇంట్లో సొంతంగా చేసుకునే వీలు కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. వెబ్‌సైటు నుంచి మ్యాపు దించుకుని పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకోవచ్చు. అక్కడ తరచూ తగిలే అడ్డంకి ఒకటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ 4 గిగాబైట్లను మించిన ఒక్క ఫైలును తీసుకోదు. మ్యాపు ఫైలు అంతకన్నా పెద్దదైతే కాపీ మధ్యలోనే ఆగిపోతుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే ఆ చిక్కు ఉండదు.

ఇంత కట్టుదిట్టం డబ్బుల కోసమే అనిపించవచ్చు. మ్యాపుల కంపెనీకి లైసెన్సు రుసుము కట్టాల్సిన మాట నిజమే, ఆ భారం ధరలో కలుస్తుంది. అయితే భద్రత కూడా ఇందులో ఉంది. 2015 జులైలో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలాసెక్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద వెళ్తున్న జీప్ చెరోకీని దూరం నుంచి ఇంటర్నెట్ ద్వారా తమ అధీనంలోకి తెచ్చుకుని చూపించారు. పాటలు, నావిగేషన్ నడిపే వినోద వ్యవస్థే వాళ్లకు దొరికిన ద్వారం. అక్కడి నుంచి ఇంజిను, బ్రేకుల దాకా చేరగలిగారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసి, సవరించిన సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్ డ్రైవ్‌లను యజమానులకు పోస్టులో పంపింది. డ్యాష్‌బోర్డు తెరలో ఎవరిచ్చిన ఫైలు పడితే ఆ ఫైలు ఎక్కించడం ఎందుకు తగదో ఆ ఘటనతో అందరికీ అర్థమైంది. వాహనాల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘం ఆర్156 పేరుతో నియమావళి కూడా తెచ్చింది.

వెనక్కి తిరిగిన గడియారాలు

మ్యాపు బాగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ పాతబడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ జీపీఎస్‌లోనే ఉంది. జీపీఎస్ కాలం 1980 జనవరి 6న మొదలవుతుంది. అప్పటి నుంచి ఎన్నో వారం నడుస్తోందో ఉపగ్రహం చెబుతుంది. మొదట్లో ఆ అంకెకు పది బిట్లే కేటాయించారు. పది బిట్లలో 0 నుంచి 1023 వరకే లెక్క పడుతుంది. అంటే 1024 వారాలకు, దాదాపు 19 ఏళ్ల 7 నెలలకు, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న రెండోసారి అలా జరిగింది. ఇది రెండో విడతా, మూడో విడతా అన్నది రిసీవరు సాఫ్ట్‌వేరే తేల్చుకోవాలి. తేల్చుకోలేని పరికరం తేదీని ఇరవై ఏళ్లు వెనక్కి లాగుతుంది. ఈ లెక్క మళ్లీ 2038 నవంబరులో సున్నాకు వస్తుంది.

2022 జనవరిలో పలు దేశాల్లో పాత హోండా, అక్యూరా కార్ల నావిగేషన్ గడియారాలు ఒక్కసారిగా 2002కు వెళ్లిపోయాయి. చేత్తో సరిచేసినా ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేస్తే మొదటికే వచ్చేవి. ఆగస్టులో వాటంతట అవే సర్దుకుంటాయని కంపెనీ ప్రతినిధులు వినియోగదారులకు చెప్పారు. ఆ కార్ల మ్యాపుల్లో ఏ లోపమూ లేదు. తేదీ లెక్కించే సాఫ్ట్‌వేర్ దారి తప్పింది.

గడియారాలే కాదు, మ్యాపు కింద ఉన్న భూమి కూడా కదులుతుంది. ఆస్ట్రేలియా ఖండం ఏటా సుమారు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. 1994 నాటి స్థానాలతో గీసిన అక్కడి మ్యాపులకూ ఉపగ్రహాలు చెప్పే స్థానాలకూ 2020 నాటికి 1.8 మీటర్ల తేడా వచ్చింది. దేశమంతటికీ కొత్త అక్షాంశ రేఖాంశాల పద్ధతి ప్రవేశపెట్టాల్సి వచ్చింది. ఏ లేన్‌లో వెళ్లాలో కూడా చెప్పే ఆధునిక కార్లకు ఆ తేడా చిన్నది కాదు.

తప్పు మ్యాపు ఖరీదు

అమెరికాలోని డెత్ వ్యాలీ జాతీయ ఉద్యానంలో దశాబ్దాల కిందట వదిలేసిన మట్టిబాటలు నావిగేషన్ మ్యాపుల్లో మామూలు రోడ్లుగానే ఉండిపోయాయి. 2009 ఆగస్టులో ఒక తల్లీ కొడుకూ ఆ ఎడారిలో దారి తప్పి ఇసుకలో కూరుకుపోయారు. సాయం అందేలోపు కొడుకు చనిపోయాడు. ఆ తర్వాత ఉద్యానం సిబ్బంది మ్యాపుల కంపెనీలతో మాట్లాడి, వాడుకలో లేని బాటలను తీసేయించే పని చేపట్టారు.

2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లో బరేలీ జిల్లా ఫరీద్‌పూర్ దగ్గర రామ్‌గంగా నది వంతెన మీదినుంచి కారు పడి ముగ్గురు మరణించారు. వంతెన ముందు భాగం అంతకు ముందే వరదల్లో కొట్టుకుపోయింది. నావిగేషన్‌లో మాత్రం ఆ దారి తెరిచే ఉందని పోలీసులు చెప్పారు. అడ్డుగా గోడ లేదు, సరైన హెచ్చరిక బోర్డు లేదు. క్షణక్షణం మారే ఫోను మ్యాపులకూ ఈ పరిమితి ఉంది. రోడ్డు తెగిందన్న సంగతి ఎవరూ చేరవేయకపోతే ఏ సర్వరుకూ తెలియదు.

డీలరు దగ్గర ఎక్కించే మ్యాపులో ఇంకో ఆలస్యం కూడా కలుస్తుంది. మ్యాపుల కంపెనీ ఒక తేదీన సమాచారం సేకరణ ఆపేస్తుంది. దాన్ని కారు పరికరం చదివే రూపంలోకి మార్చాలి. కార్ల కంపెనీ పరీక్షించాలి. ఆ తర్వాతే డీలర్లకు చేరుతుంది. ఈ దశలన్నీ దాటేసరికి నెలలు గడుస్తాయి. ఈ ఏటి మ్యాపు అని రాసి ఉన్నా లోపలి సమాచారం పోయిన ఏడాదిది కావచ్చు.

ఐరోపా యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ వేగ పరిమితిని గుర్తుచేసే వ్యవస్థ తప్పనిసరి. అది రోడ్డు పక్క బోర్డులను కెమెరాతో చదవవచ్చు, లేదా మ్యాపులోని పరిమితిని తీసుకోవచ్చు, రెండూ చేయవచ్చు. మ్యాపు మీద ఆధారపడే చోట పాత అంకె ఉంటే కారు తప్పుడు హెచ్చరిక ఇస్తుంది. విద్యుత్ కార్లలో చార్జింగ్ స్టేషన్లు ఎక్కడున్నాయో చూసి దారి నిర్ణయించే పని కూడా నావిగేషన్‌దే. మ్యాపు ఇప్పుడు దారి చూపే బొమ్మగా మిగలలేదు, కారు నడకలో భాగమైంది.

అందుకే చాలా కొత్త మోడళ్లు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నేరుగా అప్‌డేట్ అవుతున్నాయి. మారిన భాగాన్ని మాత్రమే దించుకుంటాయి, సర్వీసు సెంటరుకు వెళ్లే పని తప్పుతుంది. అయితే ఆ సౌకర్యం కారులోని మోడెమ్ బతికి ఉన్నంత కాలమే. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ సేవలు నిలిపేసినప్పుడు పాత మోడెమ్‌లు ఉన్న అనేక కార్లకు నెట్‌వర్క్ సేవలు ఆగిపోయాయి. అలాంటి కార్లకూ, అసలు మోడెమ్ లేని కార్లకూ పెన్ డ్రైవే దిక్కు.

కారు ఉన్నవాళ్లు ఈసారి సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో ఇంకో పంక్తి రాయించాలి. మ్యాపు వెర్షన్ ఎంత, అందులోని సమాచారం ఏ నెల వరకు ఉంది, సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందా, ఈ మోడల్‌కు ఉచిత అప్‌డేట్లు ఎన్నేళ్లు వర్తిస్తాయి అన్నవి అడగాలి. డబ్బు కట్టే ముందే సమాచారం తేదీ తెలుసుకోవాలి. అప్‌డేట్‌లో పాత చిరునామాలు చెరిగిపోయే అవకాశం ఉంది కాబట్టి ముఖ్యమైనవి ముందే రాసిపెట్టుకోవాలి. బయట దొరికే నకిలీ కార్డుల జోలికి పోకూడదు. రోడ్లు వేసే, మూసే శాఖలు కూడా ఒక బాధ్యత తీసుకోవాలి. ఒక వంతెన తెరిచిన రోజునే, ఒక దారి తెగిన రోజునే ఆ సంగతిని మ్యాపుల సంస్థలకు తెలిసేలా బహిరంగంగా ప్రకటించాలి. తెగిన దారికి ఆ రోజే అడ్డుగోడ కట్టాలి.